రమాదా సంవత్సరం నేర్పిన ఇంటి పొదుపు

మొదటి ఖుత్బా

నేలలోని విత్తును మొలకెత్తించి, ఆకాశం నుండి వాన కురిపించి, సమస్త ప్రాణులకూ ఉపాధిని సమకూర్చే అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త మహనీయ ముహమ్మద్ (స)పైనా, వారి ఇంటివారిపైనా, సహచరులపైనా అల్లాహ్ శాంతి శుభాలు కురియుగాక!

ప్రియమైన ధార్మిక సోదరులారా! నాకూ మీకూ నేను చేసే మొదటి ఉపదేశం దైవభీతి. మసీదులో మనలను వంగేలా చేసే దైవభీతి, బజారులో సంచి పట్టుకున్నప్పుడూ, ఇంట్లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నప్పుడూ మనతో ఉండాలి.

కొన్నేళ్ళుగా మన ఇళ్ళలో ఒకే మాట వినిపిస్తున్నది. నెల మొదట తెచ్చిన సరుకులు ఒకప్పుడు నెలాఖరు దాకా వచ్చేవి. నేడు మూడో వారానికే డబ్బాలు అడుగంటుతున్నాయి. కందిపప్పు ధర దిగితే వంటనూనె ధర ఎక్కుతున్నది. నూనె దిగితే ఉల్లిగడ్డ ఎక్కుతున్నది. కిరాణా దుకాణంలోని అరువు చిట్టా పొడవవుతున్నది. కొందరు బియ్యం, పప్పుల కోసం వడ్డీ అప్పు గడప దాకా వెళుతున్నారు. ఇది బజారు సంగతి కదా, మింబర్ మీద దీని ప్రసక్తి ఎందుకని ఎవరైనా అనుకోవచ్చు. కాని మన ధర్మం వంటింటిని విడిచి మాట్లాడిన ధర్మం కాదు. కరువులోనూ ధరల పెరుగుదలలోనూ ఒక ముస్లిం కుటుంబం ఎలా మెలగాలో మన పూర్వీకులు జీవించి చూపించారు. అందులో అన్నిటికంటె స్పష్టమైన పాఠం హిజ్రీ 18వ సంవత్సరంలో, అనగా క్రీ.శ. 639 ప్రాంతంలో, మదీనా నగరంలో లభిస్తుంది. ఈనాటి మన ప్రసంగం ఆ సంవత్సరాన్ని గురించే.

బూడిద సంవత్సరం

అది ద్వితీయ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) పరిపాలనా కాలం. హిజాజ్ ప్రాంతమంతటా వానలు పూర్తిగా ముఖం చాటేశాయి. నేల ఎండి, నల్లబడి, గాలి వీచినప్పుడల్లా బూడిద వంటి దుమ్ము లేచేది. అందుకే అరబ్బులు ఆ ఏడాదికి ‘ఆముర్రమాదా’, అంటే బూడిద సంవత్సరం అని పేరు పెట్టారు. ఆ కష్టం సుమారు తొమ్మిది నెలలు సాగింది. ఎడారిలోని మృగాలు సైతం మనుషుల ఆవాసాలకు చేరువగా వచ్చాయని, ఆకలిగొన్న మనిషి గొర్రెను కోసినా దాని కృశించిన దేహాన్ని చూసి తినలేక వదిలేసేవాడని చరిత్రకారుడు తబరీ నమోదు చేశారు.

పల్లెల నుండి, ఎడారి గుడారాల నుండి జనం మదీనాకు తరలివచ్చారు. ఖలీఫా వారిని తిప్పి పంపలేదు. నగరం అంచుల్లో వారికి విడిది ఏర్పాటు చేసి, బాధ్యులను నియమించి, పెద్ద పెద్ద వంటపాత్రలు పొయ్యిల మీదికి ఎక్కించారు. ఇబ్నె సాద్ గ్రంథస్థం చేసిన ఉల్లేఖనం ప్రకారం, ఒక రాత్రి తమ దగ్గర భోజనం చేసినవారిని లెక్కపెట్టమని ఆయన ఆదేశించారు. ఏడు వేల మంది తేలారు. రాలేక గుడారాల్లోనే ఉండిపోయిన స్త్రీలు, పిల్లలు, రోగులను లెక్కిస్తే నలభై వేల మంది. మరికొన్ని రాత్రుల తరువాత ఆ సంఖ్యలు పది వేలకూ, యాభై వేలకూ చేరాయి.

సోదరులారా! ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆకలి పెరిగినప్పుడు ఖలీఫా చేసిన పనుల్లో లెక్క ఒకటి. ఎంతమంది తింటున్నారు, ఎంతమందికి పంపాలి, ఎంత పిండి కావాలి అన్నది ఆయన ఊహకు వదలలేదు. దానధర్మానికే లెక్క అవసరమైనప్పుడు, పరిమితమైన జీతంతో నడిచే ఇంటికి లెక్క అవసరం కాదా? లెక్క వేస్తే బరకత్ పోతుందని మనలో కొందరు భావిస్తుంటారు. ఈ విషయానికి మళ్ళీ వద్దాం.

కోత ఎవరి పళ్ళెంలో మొదలయ్యింది?

ఆ ఏడాది హజ్రత్ ఉమర్ (రజి) ఒక ప్రతిజ్ఞ పూనారు. ప్రజలు కరువు నుండి తేరుకునే దాకా నెయ్యి గాని, పాలు గాని, మాంసం గాని ముట్టనన్నారు. రొట్టె, జైతూన్ నూనె, అంతే. దానికి అలవాటు పడని కడుపు గుడగుడలాడేది. ఆయన తన కడుపును వేలితో తట్టి, నీవెంత మొత్తుకున్నా ప్రజలు కోలుకునే వరకు నీకు దక్కేది ఇదేనని చెప్పుకునేవారు. తెల్లని మేనిఛాయ గల మనిషి, ఆ నెలల్లో నల్లబడిపోయారు.

ఒకనాడు ప్రజల కోసం ఒంటెలను కోసి వండారు. వడ్డించేవారు ప్రేమతో మూపురం ముక్కలను, కాలేయాన్ని తీసి ఖలీఫా ముందు ఉంచారు. ఇవి ఎక్కడివని ఆయన అడిగారు. ఈరోజు కోసిన ఒంటెలవేనన్నారు. మంచి ముక్కలు నేను తిని, ఎముకలు జనానికి పెడితే నాకంటె చెడ్డ పాలకుడు ఎవరుంటారన్న భావంతో ఆ పళ్ళాన్ని తీసివేయించి, రొట్టెను నూనెతో తెప్పించుకున్నారు.

మరొకనాడు బజారులోకి ఒక తిత్తి నెయ్యి, ఒక తిత్తి పాలు వచ్చాయి. ఖలీఫా సేవకుడు వాటిని నలభై నాణేలకు కొని, సంతోషంగా తెచ్చి ముందుంచాడు. ఆయన సంతోషించలేదు. ధర మరీ హెచ్చుగా పెట్టావన్నారు. రెంటినీ పేదలకు దానం చేయమన్నారు. దుబారాగా తినడం తనకు ఇష్టం లేదన్నారు. ప్రజలను తాకిన కష్టం నన్నూ తాకకపోతే వారి బాధ నాకెలా తెలుస్తుందన్నది ఆయన చెప్పిన కారణం.

ఇంటివారికి కూడా మినహాయింపు లేదు. తమ పిల్లవాడి చేతిలో ఒక పుచ్చకాయను చూశారు. ముహమ్మద్ (స) సముదాయం చిక్కి శల్యమవుతుంటే విశ్వాసుల నాయకుడి కొడుకు పండ్లు తింటున్నాడా అని గద్దించారు. పిల్లవాడు ఏడుస్తూ పరుగెత్తాడు. ఆ కాయను వాడు గుప్పెడు ఖర్జూర గింజలు ఇచ్చి కొనుక్కున్నాడని విచారించి తెలుసుకున్న తరువాతనే ఆయన శాంతించారు. అంటే ప్రభుత్వ ధనం కాదు, ఇంటి సొమ్ము కూడా కాదు. పశువుల మేతకు పనికివచ్చే గింజలు! అయినా విచారణ జరిగింది.

ఈ సంఘటనలన్నిటిలోని సారం ఒక్కటే. కరువులో కోత ఎక్కడో ఒకచోట పడక తప్పదు. రమాదా సంవత్సరంలో ఆ కోత మొదట పడింది పాలకుడి పళ్ళెంలో. ఆ తరువాత ఆయన ఇంట్లో.

ఇప్పుడు మన ఇళ్ళ వైపు చూద్దాం. ధరలు పెరిగినప్పుడు మన ఇంట్లో కోత మొదట ఎవరి పళ్ళెంలో పడుతున్నది? చాలా ఇళ్ళలో జవాబు మనందరికీ తెలుసు. అందరికీ వడ్డించి, చివర కూర్చునే ఇల్లాలి పళ్ళెంలో పడుతున్నది. కూర తక్కువైతే ఆమె పచ్చడితో సరిపెట్టుకుంటుంది. పాలు తక్కువైతే ఆమె టీ మానుకుంటుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పదు. ఇంటి యజమాని బయట స్నేహితులతో బిర్యానీ, చాయ్, పాన్ యథావిధిగా సాగించుకుంటూ, ఇంటికి వచ్చి ‘ఈ నెల సరుకులు ఇంత త్వరగా ఎందుకు అయిపోయాయి?’ అని నిలదీస్తాడు. ఇది పొదుపు కాదు, అన్యాయం. ఇంటి పెద్ద తన ఇంటికి కాపరి అని, కాపరిని తన మంద గురించి అడగడం జరుగుతుందని దైవప్రవక్త (స) బోధించారు. హజ్రత్ ఉమర్ (రజి) మార్గం కావాలంటే, పొదుపు మన చేతి ఖర్చు నుండి, మన నాలుక కోరిక నుండి మొదలు కావాలి.

సంకటి తెడ్డు పట్టిన ఖలీఫా

ఆ సంవత్సరపు సంఘటనల్లో వంటింటికి సంబంధించిన ఒక ముచ్చట ఉన్నది. యుద్ధాల చరిత్ర చదివేవారు దానిని దాటిపోతారు గాని, నేటి మన అంశానికి అది ఎంతో విలువైనది.

ఒక స్త్రీ అసీదా వండుతున్నది. పిండిని నీళ్ళలో ఉడికించి కలిపే వంటకం అది. మన రాయలసీమ సంకటి లాంటిది. ఖలీఫా అటుగా వెళుతూ చూశారు. ఆమె కలిపే తీరు సరిగా లేదు. ఇలా కాదమ్మా అని తెడ్డు తమ చేతిలోకి తీసుకుని కలిపి చూపించారు. నీళ్ళు వేడెక్కక ముందే పిండి పోయవద్దనీ, వేడెక్కిన తరువాత కొద్దికొద్దిగా చల్లుతూ తెడ్డుతో కలుపుతూ ఉండాలనీ, అలా చేస్తే పిండి బాగా ఒదుగుతుందనీ, ఉండలు కట్టదనీ నేర్పారు.

ఇరాన్, సిరియా సరిహద్దుల దాకా సైన్యాలను నడిపిన మనిషి, గుప్పెడు పిండి ఎలా ఒదుగుతుందో తెలిసిన మనిషి కూడా. ఒక స్త్రీకి ఆ మాట చెప్పడం తమ హోదాకు తక్కువని ఆయన అనుకోలేదు. వంట తెలియడం, ఏ సరుకు ఎంత వస్తుందో తెలియడం, పాడు కాకుండా చూడటం: ఇవి చిన్న పనులు కావు. ఇంటి ఉపాధిని కాపాడే విద్య ఇది. ఈ విద్య తెలిసిన మన అమ్మలను, అక్కచెల్లెళ్ళను మనం ఎన్నడైనా మెచ్చుకున్నామా? మగపిల్లలకు ఎన్నడైనా నేర్పామా?

హజ్రత్ అబూహురైరా (రజి) మరో దృశ్యాన్ని చూశారు. ఖలీఫా తమ వీపు మీద రెండు సంచులు, చేతిలో నూనె పాత్ర మోసుకుని పోతున్నారు. సేవకుడు అస్లమ్, ఆయన వంతులవారీగా మోస్తున్నారు. అబూహురైరా (రజి) కూడా చేయి వేశారు. మదీనా వెలుపల సిరార్ అనే చోటికి చేరారు. అక్కడ ముహారిబ్ తెగకు చెందిన సుమారు ఇరవై కుటుంబాలు ఉన్నాయి. ఏం తింటున్నారని అడిగితే, కాల్చిన చచ్చిన జంతువు తోలును, పొడి చేసుకుని మింగుతున్న ఎముకలను చూపించారు. ఖలీఫా పైవస్త్రం తీసి పక్కన పెట్టి, నడుం బిగించి, వారి కడుపు నిండే దాకా తామే వండి పెట్టారు. తరువాత ఒంటెలు తెప్పించి వారిని నగరానికి తరలించారు.

తాను నెయ్యి మానుకున్నది ఎందుకో ఈ దృశ్యం చెబుతున్నది. మిగిలింది పెట్టెలోకి పోలేదు. పొరుగువాడి కుండలోకి పోయింది.

సగం కడుపు, సహనం, వాన

దూర ప్రాంతాల అధికారులకు ఆయన లేఖలు వ్రాశారు. సిరియా నుండి హజ్రత్ అబూ ఉబైదా (రజి) నాలుగు వేల ఒంటెల బరువు ఆహారంతో స్వయంగా వచ్చారని తబరీ పేర్కొన్నారు. ఆ ఏడాది పశువుల జకాత్ వసూలును వాయిదా వేశారు. వానలు పడ్డాక రెండేళ్ళది కలిపి వసూలు చేయించి, అందులో ఒక సంవత్సరపు భాగాన్ని అక్కడి పేదలకే పంచమన్నారు. ఆకలికి తాళలేక దొంగిలించినవాడికి చేయి నరికే శిక్షను అమలు చేయలేదు. అంటే, ఇల్లు గడవని మనిషిపై చట్టం కూడా చేయి సడలించింది.

చివరకు దైవప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి)ను ముందుంచుకుని వాన కోసం ప్రార్థించారు. అల్లాహ్ కరుణించాడు. వాన కురిసింది. ఎడారివాసులను ఆహారంతో, వాహనాలతో తిరిగి వారి చోట్లకు సాగనంపారు. అప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) తమ మనసులో ఉన్న తరువాతి ఆలోచనను బయటపెట్టారు. అల్లాహ్ ఈ కష్టాన్ని తొలగించి ఉండకపోతే, తిండి ఉన్న ప్రతి ముస్లిం ఇంటిలోకి ఆ ఇంటివారు ఎందరో అందరు పేదలను చేర్చేవాడినన్నారు. సగం కడుపుతో మనుషులు చనిపోరన్నది ఆయన లెక్క.

కరువు పోయిన తరువాత కూడా ఆయన దాన్ని మరచిపోలేదు. ఈజిప్టు గవర్నరు హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) చేత నైలు నది నుండి ఎర్ర సముద్రపు ఖుల్జుమ్ రేవు దాకా, ప్రాచీన కాలంలో ఉండి పూడిపోయిన కాలువను మళ్ళీ త్రవ్వించారు. దానికి ‘విశ్వాసుల నాయకుడి కాలువ’ అనే పేరు నిలిచింది. ధాన్యపు ఓడలు మదీనా రేవైన అల్‌జార్‌కు చేరసాగాయి. కష్టకాలంలో నోరు కట్టుకున్నవారే మంచికాలంలో కాలువ త్రవ్వారు. సరుకు ఉన్నప్పుడు రేపటి కోసం ఏర్పాటు చేసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. హజ్రత్ యూసుఫ్ (అలై) ఈజిప్టు రాజుకు చెప్పిన ఉపాయం దైవగ్రంథంలోనే ఉన్నది: పండిన ఏడేళ్ళ ధాన్యంలో తినేంత మాత్రం తీసి, మిగిలినదాన్ని వెన్నులతోనే నిలువ ఉంచడం.

సోదరులారా! ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. ధరలు పెరగడానికి పేదవాడి వంటిల్లు కారణమా? కాదు. ఈజిప్టు చరిత్రకారుడు మఖ్రీజీ కైరో బజారుపై పర్యవేక్షణాధికారిగా పనిచేసినవారు. హిజ్రీ 808లో, అనగా 1405 ప్రాంతంలో, తమ దేశపు కరువులపై ఆయన ఒక ప్రత్యేక గ్రంథం వ్రాశారు. వాన, నది మాత్రమే కాక, లంచమిచ్చి పదవులు కొనుక్కున్న అధికారులు, రైతు మీద పెరిగిన భూమి కౌలు, విలువ కోల్పోయిన రాగి నాణేలు ప్రజల నోటి ముద్దను లాక్కున్నాయని ఆయన నిగ్గుదేల్చారు. మదీనా బజారులో సరుకు దాచి ధర పెంచడాన్ని హజ్రత్ ఉమర్ (రజి) నిషేధించారు. ఎండకూ చలికీ ఓర్చి సరుకు మోసుకొచ్చిన వర్తకుణ్ణి మాత్రం తమ అతిథిగా ప్రకటించారు. కనుక ఈ సభలో ఉన్న వ్యాపార సోదరులారా! ధర పెరుగుతుందని ఆశించి గోదాములో బస్తాలు దాచేవాడు పాపి అని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఇంటి పొదుపు గురించిన ఉపదేశం మీ తూకం లెక్కను మాఫీ చేయదు.

ఈ మాటలు పలికి, నాకూ మీకూ సమస్త ముస్లింలకూ అల్లాహ్ క్షమాభిక్షను అర్థిస్తున్నాను. మీరూ ఆయనను వేడుకోండి. ఆయన అమితంగా క్షమించేవాడు.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌కు స్తోత్రాలు, ఆయన ప్రవక్తపై దరూద్, సలామ్.

సోదరులారా! రమాదా సంవత్సరంలో హజ్రత్ ఉమర్ (రజి) ఆచరించిన మార్గం ఆయన కొత్తగా కల్పించినది కాదు. అది దైవప్రవక్త (స) ఇంట్లో నేర్చిన మార్గం. ఆ ఇంటి నుండి కొన్ని విషయాలు గ్రహిద్దాం.

మొదటిది, కొలత. ఆహారాన్ని కొలిచి వాడండి, అందులో మీకు శుభం కలుగుతుందని దైవప్రవక్త (స) ఉపదేశించినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది. అదే గ్రంథంలో హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం మరొకటి ఉన్నది: అటక మీద ఉన్న కొద్దిపాటి యవలు చాలాకాలం వచ్చాయి; ఒకనాడు కొలిచి చూశాక అయిపోయాయి. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావని హదీసు పండితులు వివరించారు. కొనేటప్పుడూ, వంటకు తీసేటప్పుడూ కొలవాలి. నిలువలో ఎంత మిగిలిందో అని దిగులుతో పదే పదే తవ్వి చూడకూడదు. అంటే కొలత క్రమశిక్షణ కోసం, భయం కోసం కాదు. మన వంటింట్లో సోల, గిద్ద ఉండేవి. బియ్యం కొలిచి పోసేవారు. నేడు చేతికొచ్చినంత పోసి, మిగిలింది మరునాడు చెత్తబుట్టలో వేస్తున్నాం. ఇంట్లో ఎందరు తింటారో, పూటకు ఎంత కావాలో ఒక వారం కొలిచి వ్రాసి చూడండి. బజారుకు పోయే ముందు చీటీ వ్రాసుకోండి; చీటీలో లేనిది చేతికి తగిలినంత మాత్రాన కొనకండి.

రెండవది, కోరికకూ అవసరానికీ తేడా. సహచరుడు హజ్రత్ జాబిర్ (రజి) మాంసం తీసుకుపోతుండగా హజ్రత్ ఉమర్ (రజి) ఎదురయ్యారు. మాంసం మీద మనసు పోయింది, కొన్నానని జాబిర్ (రజి) చెప్పారు. పొరుగువాడి కోసం, దాయాది కోసం తన కడుపును కాస్త మడుచుకోవాలని మీలో ఎవరికీ అనిపించదా అని ఉమర్ (రజి) ప్రశ్నించారు. మాంసం ధర్మసమ్మతమే, ఆయన దాన్ని నిషేధించలేదు. మనసు పోయిన ప్రతిదీ కొనడాన్ని ప్రశ్నించారు. మాంసం ధర పెరిగిందని జనం మొర పెట్టుకుంటే, కొనడం మానండి, అదే చవకవుతుందని ఇబ్రాహీమ్ బిన్ అద్‌హమ్ చెప్పినట్లు ప్రసిద్ధి. ఏ కూరగాయ ధర మండిపోతున్నదో దానినే పట్టుబట్టి కొనకుండా, ఆ కాలంలో విరివిగా పండే కూరతో గడిపే ఇల్లు తెలివైన ఇల్లు. సిర్కాను సైతం మంచి నంజుడుగా మెచ్చుకున్న ప్రవక్త (స) అనుచరులం మనం.

మూడవది, వృథా చేయకపోవడం. జారిపడిన ముద్దను తీసి, దుమ్ము తుడిచి తినమన్నారు. పళ్ళాన్ని శుభ్రంగా తుడుచుకోమన్నారు. శుభం ఏ మెతుకులో ఉన్నదో మీకు తెలియదన్నారు. ఇద్దరి భోజనం ముగ్గురికి సరిపోతుందన్నారు. ఈ బోధనలు కంఠస్థం చేసిన సముదాయం, వలీమా విందుల్లో తట్టలకొద్దీ బిర్యానీ కుప్పతొట్టి పాలు చేయడం ఎంత శోచనీయం! దైవప్రవక్త (స) హజ్రత్ సఫియ్యా (రజి)ను వివాహమాడినప్పుడు ఇచ్చిన వలీమాలో రొట్టె లేదు, మాంసం లేదు. తోలు దస్తర్‌ఖాన్ పరచి, ఖర్జూరం, ఎండబెట్టిన పెరుగు, నెయ్యి ఉంచారు. దానివల్ల ఆ విందు విలువ ఏమీ తగ్గలేదు. ఏడాది పాటు పప్పూ ఉప్పూ లెక్కించి ఆదా చేసిన కుటుంబం, ఒక్క రాత్రి విందుకు అప్పు చేస్తే ఆ ఆదా అంతా ఏమైనట్లు?

నాలుగవది, నిలువకు హద్దు. దైవప్రవక్త (స) తమ ఇంటివారి కోసం ఏడాదికి సరిపడా ఆహారం నిలువ చేసేవారని హజ్రత్ ఉమర్ (రజి) తెలియజేశారు. కనుక పంట చేతికి వచ్చే రోజుల్లో బియ్యం, చింతపండు, మిరపకాయలు చవకగా ఉన్నప్పుడు ఏడాదికి కొనుక్కోవడం సున్నతుకు దగ్గరైన వివేకమే. నాలుగైదు కుటుంబాలు కలిసి టోకున ఒక బస్తా తెచ్చి పంచుకోవడం అందరికీ మేలు. కాని అదే ప్రవక్త (స) ఒక సంవత్సరం ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి ఉంచుకోవద్దన్నారు. మరుసటి ఏడాది సహచరులు అడిగితే, ఆ ఏడాది ప్రజలు ఇబ్బందుల్లో ఉన్నారు గనుక మీరు వారికి సహాయపడాలని అలా చెప్పాను, ఇప్పుడు తినండి, పెట్టండి, దాచుకోండి అన్నారు. పొరుగువాడి పొయ్యి చల్లారినప్పుడు మన నిలువకు హద్దు మారుతుందన్నమాట. ఏడాదికి నిలువ చేసిన ఆ ఇంట్లోనే రెండు నెలల పాటు పొయ్యి వెలగని రోజులున్నాయి. ఖర్జూరం, నీళ్ళు, పొరుగు అన్సార్లు పంపిన పాలు, వీటితో గడిచింది. నిలువ చేసింది అవసరమైనవారికి వెళ్ళిపోయేది.

అయిదవది, అప్పు. దైవప్రవక్త (స) పరమపదించే నాటికి వారి కవచం ముప్పై ‘సా’ల యవల కోసం ఒక యూదుని వద్ద తాకట్టులో ఉన్నది. కనుక ఇంటి తిండి కోసం అరువు తెచ్చుకున్న పేద సోదరుణ్ణి ఎవరూ చిన్నచూపు చూడకండి. అయితే ఆ అప్పు వడ్డీ లేనిది. బియ్యం కోసం వడ్డీకి తెచ్చిన డబ్బు, బియ్యం అయిపోయిన తరువాత కూడా ఇంటిని తింటూనే ఉంటుంది. కలిగిన సోదరులారా! మీ మొహల్లాలో కిరాణా చిట్టా తీర్చలేక తల దించుకుని తిరిగే ఇంటి పెద్ద ఎవరో మీకు తెలుసు. అతను వడ్డీవ్యాపారి గడప తొక్కక ముందే, నలుగురికీ తెలియకుండా దుకాణానికి వెళ్ళి అతని చిట్టా తీర్చండి. అది మీ జకాత్‌లో చేరవచ్చునా లేదా అన్నది ఉలమాను అడిగి తెలుసుకోండి. సదఖా మాత్రం ఎప్పుడూ తెరిచిన ద్వారమే.

ఆరవది, పొదుపుకూ పిసినారితనానికీ మధ్యనున్న గీత. హింద్ బిన్తె ఉత్బా (రజి), తమ భర్త అబూ సుఫ్యాన్ (రజి) తనకూ పిల్లలకూ చాలినంత ఇవ్వడం లేదని ఫిర్యాదు చేశారు. దైవప్రవక్త (స) ఆమెను ఓర్చుకోమనలేదు. తనకూ పిల్లలకూ సరిపడేంత న్యాయసమ్మతంగా భర్త సొమ్ము నుండి తీసుకోమన్నారు. జేబులో ఉండి కూడా పిల్లల పాలు, గర్భిణి అయిన ఇల్లాలి ఆహారం, వృద్ధులైన తల్లిదండ్రుల పథ్యం తగ్గించేవాడు పొదుపరి కాడు, హక్కు కొల్లగొట్టేవాడు. దుబారాకూ పిసినారితనానికీ నడుమనున్న మధ్యేమార్గమే కరుణామయుని దాసుల లక్షణమని దైవగ్రంథం మనకు నేర్పింది.

సోదరులారా! పొదుపు చేసిన దాంట్లో పొరుగువాడికి వాటా ఉంచండి. కూర వండినప్పుడు కాస్త నీళ్ళు ఎక్కువ పోసి పొరుగింటిని కూడా చూసుకోమని దైవప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి)కి ఉపదేశించారు. మాంసం ఎక్కువ వేయమనలేదు. నీళ్ళు ఎక్కువ పోయమన్నారు. పేదవాడు కూడా ఆచరించగల దానం అది. వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఒక పిడికెడు విడిగా ఒక డబ్బాలో వేసే తల్లులు మన సముదాయంలో ఉన్నారు. నెల తిరిగేసరికి అది మదర్సా పిల్లలకో, ఒక వితంతువుకో ఒక పూట తిండి అవుతుంది. ఆ పిడికెడు తీసినందువల్ల ఏ ఇంట్లోనూ ఎవరూ పస్తు పడుకోలేదు.

ఈ నెల సరుకుల చీటీ వ్రాసేటప్పుడు ఇంటి పెద్దలు భార్యతో కలిసి కూర్చోండి. తగ్గించవలసినవి ఉంటే మొదట మీ ఖర్చు పేరు వ్రాయండి. ఈ రాత్రి భోజనానికి ఇల్లాలిని కూడా మీతో కూర్చోబెట్టుకుని, ఆమె పళ్ళెంలో ఏమున్నదో చూడండి.

ఓ అల్లాహ్! మా ఉపాధిలో బరకత్ ప్రసాదించు. మా బజార్లలో ధరలను చవక చేయి. మా రైతుల పొలాలకు సకాలంలో, నష్టం కలిగించని వానలు కురిపించు. మమ్మల్ని వడ్డీ అప్పుల నుండి, దుబారా నుండి, పిసినారితనం నుండి కాపాడు. మా దస్తర్‌ఖాన్ మీద నీకు ఇష్టమైన హలాల్ ఆహారాన్ని ఉంచు. అందులో ఆకలిగొన్నవారి వాటాను మరచిపోనివ్వకు. కరువులో ఉన్నవారికి, నిరాశ్రయులకు, ముట్టడుల్లో చిక్కుకుని ఆకలితో అలమటిస్తున్న నీ దాసులకు నీవే దిక్కువై ఆహారం చేర్చు. మా తల్లిదండ్రులను, మా గురువులను, విశ్వాసులైన స్త్రీ పురుషులందరినీ క్షమించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.

అల్లాహ్ దాసులారా! నమాజుకు లేవండి. అల్లాహ్ మీ మీద కరుణ చూపుగాక!